రిజల్ట్ కంటే ముందొచ్చిన ఫ్లెక్సీ

ఎవరింట్లోనైనా రిజల్ట్ ముందొస్తుంది, ఫ్లెక్సీ తర్వాతొస్తుంది. ఆ ఎండాకాలం మా ఇంట్లో మాత్రం ఫ్లెక్సీయే ముందొచ్చింది.

మా ఆయన సంజీవకు ఫ్లెక్సీల పిచ్చి. సర్పంచ్ ఎన్నికలు ఇవాళ పెడతారు, రేపు పెడతారు అంటూ వాయిదా పడుతుంటే, ఈయన మాత్రం ఏ పండుగనూ వదలకుండా ఊరి మూలమలుపు దగ్గర రెండు చేతులూ జోడించి నిలబడుతూనే ఉన్నాడు. ఉగాదికి దండం, రంజానుకు దండం, బతుకమ్మకు దండం, ఎమ్మెల్యే పుట్టినరోజుకు తలపాగా చుట్టుకుని మరీ దండం. "గా చేతులు ఇంట్ల కూడ ఒక్కసారి జోడించరాదు, చూసి సంబురపడ్త" అని నేనంటే, "నీ ఓటు ఏడికి పోతదే" అని నవ్వేవాడు.

మాకు ఒక్కడే కొడుకు, ధీరజ్. ఆ ఏడు పదో తరగతి. మాది కొడకండ్ల పక్కనే ఉన్న ఊరు. ఎనిమిది దాకా వాడు తొర్రూరులో ప్రైవేటు బడికి బస్సులో పోయేవాడు. సర్కారు బడిని బాగు చేస్తానని మీటింగుల్లో చెప్పే మనిషి కొడుకు ప్రైవేటు బడికి పోతే జనం నవ్వుతారని మా ఆయన వాణ్ణి తొమ్మిదిలో మా ఊరి హైస్కూల్లో వేశాడు. ఓట్ల కోసం చేసిన పనే. కానీ ఈరోజు నా కొడుకు నా కళ్ళ ముందు కూర్చుని కూరలో ఉప్పు తక్కువైందని సణుగుతున్నాడంటే ఆ బడి వల్లనే. మా ఆయన రాజకీయంలో ఇంటికి పనికొచ్చిన పని అదొక్కటే అని నేను ఇప్పటికీ ఆయన ముఖం మీదే అంటుంటాను.

పరీక్షలు అయిపోయి, రిజల్ట్‌కు ఇంకా మూడు వారాలు ఉందనగా, ఒక మధ్యాహ్నం ఆయన జనగామ నుంచి బండి మీద పొడుగాటి చుట్ట ఒకటి తెచ్చాడు. వాకిట్లో నాలుగు మూలలా రాళ్ళు పెట్టి పరిచాడు. "పదో తరగతిలో మండల ప్రథమ స్థానం సాధించిన చిరంజీవి ధీరజ్‌కు హృదయపూర్వక శుభాకాంక్షలు" అని పసుపు అక్షరాలు. కింద ధీరజ్ ఫొటో, వాడు ఎన్నడూ తొడగని కోటుతో. పక్కన మా ఆయన ఫొటో, దానికి రెండింతలు.

"ఫస్టు వానికొచ్చిందా, నీకొచ్చిందా?" అన్నాను.

"రిజల్ట్ నాడు ఐలేశ్ ఫ్లెక్సీల దుకాణం ముంగట లైనుంటదే. మనకు దొరకది. ముందుగాల్నే కొట్టించిన" అన్నాడు, ఎంతో తెలివైన పని చేసినట్టు. ఆయన తప్పు కూడా కాదు. మా వాడికి తొమ్మిదిలో, ఆ తర్వాత పెట్టిన ప్రతి పరీక్షలో ఫస్టే వచ్చింది. ఊరంతా అదే మాట. వాడకట్టు జనం వచ్చి ఫ్లెక్సీ చూసి నవ్వుకుని, మెచ్చుకుని పోయారు. ధీరజ్ గడప దాకా వచ్చి, ఒక్క చూపు చూసి, "మంచిగున్నది బాపు" అని లోపలికి పోయాడు. ఆ పూట అన్నానికి లేవలేదు.

వాడు అప్పటికే మారాడు. ఆకులు కూడా కమిలిపోయే ఎండల్లో పొద్దస్తమానం నిండు చేతుల అంగీ వేసుకుని ఉండేవాడు. ఎందుకురా అంటే దోమలు అనేవాడు. తన బ్యాటు తీసుకుపోయి దోస్తు గోపాల్‌కు ఊరికే ఇచ్చేసి వచ్చాడు. ఆ బ్యాటు కోసం వాడు నాతో ఎంత కొట్లాడి కొనిపించుకున్నాడో నాకే తెలుసు. తల్లికి తెలియదా అంటారు. తెలుస్తుంది. ఏం తెలిసిందో మాత్రం తెలియదు. పరీక్షల అలసట అనుకున్నాను, వయసు అనుకున్నాను, ఎవరి దిష్టో అనుకుని మిరపకాయలు కూడా తిప్పి పొయ్యిలో వేశాను.

మా బడిలో ఒక పద్ధతి ఉంది. రిజల్ట్ రాబోతోందంటే పదో తరగతి పిల్లల ఇళ్ళను సార్లు, మేడమ్‌లు పంచుకుని ఒక్కొక్క ఇంటికీ వచ్చి కూర్చుంటారు. కొన్నేళ్ళ కింద వేరే ఊరి బడిలో ఒక ఆడపిల్ల రిజల్ట్ చూసుకుని బతకలేదు. ఆ పిల్ల ఎవరో మా హెడ్మాస్టరుకు తెలియదు. అయినా ఆ మరుసటి ఏడాది నుంచి ఈ పద్ధతి మొదలుపెట్టాడు. మొదట్లో ఊళ్ళో, "సార్లు చందాలకొస్తున్నరేంది" అని నవ్వారు. తర్వాత అలవాటైపోయింది, చాయ పెట్టి కూర్చోబెడుతున్నారు.

మా ఇంటికి వచ్చింది జీవశాస్త్రం చెప్పే జమ్లీ మేడం. ఆమెది నెల్లికుదురు దగ్గర తండా, కొడకండ్లలో కిరాయికి ఉంటుంది. ఎండ దిగాక స్కూటీ మీద వచ్చింది. మా ఆయన జనగామలో ఏదో మీటింగుకు పోయి ఉన్నాడు. మేడం మజ్జిగ తాగి, నా మోకాళ్ళ నొప్పుల ముచ్చటంతా ఓపికగా విని, "అక్కా, పిల్లగానితోని జరసేపు మాట్లాడ్త" అంది. ధీరజ్ వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"అమ్మను ఉండమందామా, వద్దా?" అని వాణ్ణే అడిగింది. వాడు ఉండనీ అన్నట్టు తలూపాడు.

"నిద్ర పడ్తుందా?"

"పడ్తలేదు మేడం."

"తిండి?"

"తింటున్న." అది అబద్ధమని నేను చెప్పబోతే మేడం చిన్నగా చేయి ఎత్తి ఆపింది. వాడు అంగీ చేతులు ఇంకా కిందికి లాక్కుంటున్నాడు. ఆమె చూసింది. చూపించమని అడగలేదు.

"ధీరజ్, నేనొకటి సీదా అడుగుత. నువ్వు గూడ సీదా చెప్పు. చచ్చిపోవాలని అనిపిస్తుందా?"

నాకు నెత్తురు నెత్తికెక్కింది. "ఏం మాటలు మేడం గివి? దీపాలు పెట్టే యాళ్ల ఇంట్ల కూసోని పిల్లగానితోని గిట్లనా మాట్లాడేది?" అని లేచి నిలబడ్డాను. ఇంకా ఏదో అనేదాన్నే. ఆమె నా వైపు తిరగలేదు. నా చేయి పట్టుకుని కూర్చోబెట్టి, వాణ్ణే చూస్తూ ఉంది. బయట ఎవరిదో ట్రాక్టర్ పోయిన చప్పుడు వచ్చింది.

"అనిపిస్తది మేడం" అన్నాడు ధీరజ్, హాజరు పలికినంత మామూలుగా.

"చెప్పినవ్. మంచి పని జేసినవ్" అంది ఆమె. "ఎప్పటి సంది?"

"మ్యాథ్స్ పరీక్ష సంది." అప్పుడు చెప్పాడు. లెక్కలు అన్నీ వచ్చినవేనట. మొదటి రెండు లెక్కలు రాశాక చేయి ఆగిపోయిందట. కాగితం కళ్ళ ముందే ఉంది, గంట కొట్టేదాకా ఏమీ రాయలేక అలాగే కూర్చున్నాడట. "రోజు చెప్పుదామనుకున్న. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. గా ఫ్లెక్సీ చూసినంక ఇగ చెప్పేదే లేదనుకున్న."

అంగీ చేతుల కింద దాచినవి వాడు తనకు తాను చేసుకున్న గాయాలని కూడా అప్పుడే చెప్పాడు. నేను ఏడ్చాను. మేడం నన్ను ఏడవనిచ్చింది. ఓదార్చే పనిలో పడలేదు, నా కొడుకును అడగాల్సినవి నెమ్మదిగా అడిగింది. ఇవాళ కూడా అలా ఉందా, ఏమైనా చేసుకోవాలని ఆలోచించి పెట్టుకున్నావా అని. అంతా విని ఇలా చెప్పింది.

"గీ ముచ్చట నేను కడుపుల దాసుకోను బిడ్డా. మీ అమ్మ ఇన్నది. మీ బాపుకు చెప్పాలె, హెడ్మాస్టర్ సారుకు చెప్పాలె, డాక్టర్‌కు చెప్పాలె. ఇంకెవలకు తెల్వది, బడిల ఎవ్వలు మాట్లాడరు. ఇగ నువ్వు నాకు ముగ్గురి పేర్లు చెప్పు. మనసు గట్లయినప్పుడు, ఏ యాళ్లయినా, పోయి చెప్పుకునేటోళ్లు."

వాడు ఆలోచించాడు. "అమ్మ. మీరు." మూడో వేలు మడుస్తూ, "గోపాల్" అన్నాడు.

పోయేటప్పుడు ఆమె వసారాలో పత్తికి తెచ్చి మిగిలిన పురుగుమందు డబ్బాల ముందు ఆగింది. "అక్కా, గివి ఇంట్ల ఒక్క దినం కూడ ఉండొద్దు. ఇప్పుడే తీయించు" అంది. వాణ్ణి ఒంటరిగా ఉంచొద్దంది. "గా మాట నోటితోని అడిగితె లేని ఆలోచన వస్తదని భయపడకు. అడిగితె ఉన్నది బయటికొస్తది. మీరు గూడ అడుగున్రి." పగలైనా రాత్రయినా ఎవరైనా మాట్లాడతారని 14416 అనే సర్కారు నంబరు నా ఫోన్‌లోనూ వాడి ఫోన్‌లోనూ తనే ఎక్కించింది. ఆమె స్కూటీ సందు దాటకముందే నేను మా మరిదిని పిలిచి డబ్బాలన్నీ ఊరవతల బావి కాడి గదిలో పెట్టించి తాళం వేయించాను. ఆ తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎక్కడుందో మా ఆయనకు కూడా చెప్పను.

మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే అంతా చెప్పాను. "మనింట్ల గసొంటి మాటనా? బడోళ్లే వాని బుర్రల పెట్టిన్రు" అన్నాడు ముందు. మళ్ళీ కాసేపటికి గొంతు తగ్గించి, "ఊర్ల తెలిస్తె ఎట్లనే?" అన్నాడు.

"ఊర్ల తెలిస్తె ఓట్లు పోతయ్. వాడు పోతే ఏం పోతదో జర సోంచాయించు" అన్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో నేను ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకోవడం చాలాసేపు ఆపలేదు.

"ముగ్గురి పేర్లు చెప్పిండన్నవ్ గద. ఎవలెవలు?"

చెప్పాను. వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు, ఎక్కడైనా ఒకటి తప్పిపోయిందేమోనని. "గోపాల్‌గాడున్నడా? మొన్నటిదాంక ముక్కు తుడ్సుకునుడు రాదు గదనే వానికి" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. లేచిపోయి తన మంచం తెచ్చి ధీరజ్ మంచం పక్కన వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిందంతా తిండి పెట్టడమే. ఏం మాట్లాడాలో తెలియని మనిషి ఇంకేం చేస్తాడు? పొద్దున్నే తాటిముంజలు, పదింటికి మామిడి పండ్లు, సాయంత్రం కొడకండ్ల నుంచి మిర్చి బజ్జీలు. ప్రతి గంటకూ వాడి ముందు నిలబడి, "ఏమన్న తింటవా బిడ్డా?" అనేవాడు. "వాడు మేకపిల్ల గాదయ్యా, గట్ల మేపుతనే ఉంటవేంది" అని నేను విసుక్కుంటే, ధీరజ్ ముంజ చీరుకుంటూ మూతి బిగించుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడేమో అని నాకొక ఆశ.

హెడ్మాస్టరు ముందే ఫోన్ చేసి పెట్టాడు, జనగామ పెద్ద దవాఖానలో మనసు డాక్టర్ దగ్గరికి పోయాం. మా ఆయన హెల్మెట్ పెట్టుకుని, కింద రుమాలు కట్టుకుని, పైన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముఖం కనబడాలని లక్షల్లో ఖర్చు పెట్టిన మనిషి మొదటిసారి ముఖం కనబడకుండా ఊరు దాటాడు. దవాఖానలో కూడా రుమాలు విప్పలేదు. డాక్టర్ గది ముందు బెంచీ మీద కూర్చున్నామో లేదో, పక్క నుంచి, "ఏం సంజీవన్న, గిక్కడికొచ్చినవ్?" అని వినబడింది.

మాన్‌సింగ్. మా పంచాయతీలోని తండా మనిషి, సర్పంచ్ పదవికి మా ఆయనకు పోటీ నిలబడబోయేవాడు. పక్కన ఆయన భార్య మంగ్లీ కూర్చుని ఉంది.

"బీపీ" అన్నాడు మా ఆయన రుమాలు లోంచి.

"బీపీ అవతలి కమ్రాల చూస్తరే."

"నువ్వెందుకొచ్చినవ్ మరి?"

"మా మంగ్లీకి ఏడాది సంది నిద్రలేదన్నా. ఉత్తగనే ఏడ్సేది. దేవుండ్ల సుట్టు తిప్పిన, మంత్రాలేయించిన. గీ డాక్టర్ కాడికొచ్చినంక మనిషైంది" అని మాన్‌సింగ్ మంగ్లీ వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుని నాకు చోటు ఇచ్చింది. ఆయన చూపు ధీరజ్ మీద పడింది, మళ్ళీ మా ఆయన మీదికి వచ్చింది.

మా ఆయన రుమాలు విప్పాడు. ఉక్కకు ముఖమంతా చెమట. "ఎలక్షన్లల్ల గీ ముచ్చట రావద్దు మాన్‌సింగ్. నీది నేను దాస్త, నాది నువ్వు దాయి."

"నాది దాసుడెందుకే? జరమొస్తె దాస్తమా? నీదంటవా, నేనేం జూడలేదు. సరేనా? పా, చాయ తాగుదాం" అన్నాడు మాన్‌సింగ్. ఇద్దరూ పోయి క్యాంటీన్‌లో చాయ తాగి, ఎవరు పైసలిస్తారని కొట్లాడుకుని వచ్చారు.

డాక్టర్ ధీరజ్‌తో ఒక్కడితోనే చాలాసేపు మాట్లాడాడు. తర్వాత మమ్మల్ని పిలిచాడు. ఇది తగ్గేదేనని, కొన్నాళ్ళు వస్తూ ఉండాలని, మాట్లాడించడమే పెద్ద మందని చెప్పాడు. మా ఆయనతో, "మీ అబ్బాయి ఏమైనా చెబితే వినండి. వెంటనే ధైర్యం చెప్పకండి, సలహా ఇవ్వకండి. ముందు వినండి" అన్నాడు.

"వినుడేనా సార్? నడుమ ఏం మాట్లాడొద్దా?"

"వద్దు."

దారి పొడుగునా మా ఆయన దాని గురించే గొణిగాడు. మైకు దొరికితే వదలని మనిషికి అంతకంటే కష్టమైన మందు ఏ డాక్టరూ రాయలేడు. ఇప్పటికీ నెలకోసారి ముగ్గురం జనగామ పోయి వస్తాం. ఇప్పుడు రుమాలు లేదు.

జమ్లీ మేడం సెలవుల్లో కూడా రోజూ ఫోన్ చేసేది. మార్కుల మాట ఎత్తేది కాదు. నిద్ర ఎట్లుంది, తిన్నావా, నిన్న ఎట్లనిపించింది, ఇంతే. ఆ బ్యాటు వెనక్కిమ్మని గోపాల్‌కు ఎవరు చెప్పారో తెలియదు, ఒకరోజు వాడే దాన్ని తెచ్చి గోడకు ఆనించి, "నాకు బరువున్నదిరా, నువ్వే ఆడు" అని ధీరజ్‌ను బయటికి లాక్కుపోయాడు. కొన్ని రోజులు వాడు బాగుండేవాడు, కొన్ని రోజులు మంచం దిగేవాడు కాదు. నేను మేడం చెప్పినట్టు ఆ మాటే అడిగేదాన్ని. మొదటిసారి నాలుక ఎండిపోయింది. తర్వాత అలవాటైంది. వాడు నాకు చెప్పేవాడు, ఉన్నప్పుడు ఉందని, లేనప్పుడు లేదని. తండ్రి దగ్గర మాత్రం, "మంచిగనే ఉన్న బాపు" అనేవాడు. మా ఆయన అది విని, ఇంకో రెండు ముంజలు కొట్టుకొచ్చేవాడు.

ఆ రోజుల్లోనే వాన వచ్చింది. మా యాసంగి పంట వడ్లు సర్కారు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర కుప్ప పోసి ఉన్నాయి, కాంటా పెట్టి తూకం వేయడం ఇంకా కాలేదు. మధ్యాహ్నం దాకా మండిన ఎండ ఒక్కసారిగా నల్లబడి గాలిదుమారం లేచింది. ఊరంతా సెంటరు వైపు ఉరికింది. మా టార్పాలిన్ కుప్పలో సగానికే సరిపోయింది. మా ఆయన బండి మీద ఇంటికి పోయి, చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. చినుకులు పడుతున్నాయి. ఏ వైపు పైకి ఉందో చూసుకునే తీరిక లేక ఫ్లెక్సీని సర్రున పరిచాడు. వడ్ల కుప్ప మీద కోటు వేసుకున్న ధీరజ్, రెండింతల సంజీవ, పసుపు అక్షరాలు.

"మండల ఫస్టు వడ్ల మీద పండిందిరో!" అని ఎవరో అరిచారు. ఆ వానలో కూడా అందరూ పకపకా నవ్వారు. వాణ్ణి చూడాలంటే నాకు భయమేసింది. చూస్తే, వాడూ నవ్వుతున్నాడు. తడిసిన జుట్టు కళ్ళ మీద పడుతుంటే నోరారా నవ్వుతున్నాడు. నేనొక మూల, వాడొక మూల, వాళ్ళ నాన్న ఒక మూల పట్టుకుని రాళ్ళు పెడుతున్నాం.

"మ్యాథ్స్ల ఎన్నొస్తయ్‌రా?" అన్నాడు మా ఆయన, రాయి వైపే చూస్తూ. ఆ సంగతి నేను చెప్పే ఉన్నాను. అయినా వాణ్ణే అడిగాడు.

"పాస్ గాను బాపు."

"సరె. గా మూల గట్టిగ పట్టు, గాలికి లేస్తుంది" అన్నాడు మా ఆయన.

ధీరజ్ గట్టిగా పట్టుకున్నాడు. వాన తగ్గేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాం. వడ్లు అడుగున కొంచెం తడిశాయి, మిగతావి దక్కాయి. మరునాడు ఆ ఫ్లెక్సీని మా ఆయన మాన్‌సింగ్ వడ్ల మీద కప్పుకోమని ఇచ్చేశాడు. మాన్‌సింగ్ దాన్ని తిరగేసి కప్పుకున్నాడు. పోటీదారుడి ముఖం తన వడ్ల మీద ఎందుకుంటుందిలెండి.

రిజల్ట్ వచ్చే రోజు మా బడిలో ఎవరూ ఫోన్ ముట్టరు. పిల్లలు తల్లిదండ్రులతో కలిసి పొద్దున్నే బడికి రావాలి. వచ్చాక ముందు అన్నం, తర్వాత రిజల్ట్. ఆకలి కడుపుతో ఎవరూ ఏ వార్తా వినొద్దంటాడు హెడ్మాస్టరు. తల్లులం బగారన్నం, పప్పుచారు వండాం. తండ్రులు వడ్డించారు. మా ఆయన బకెట్ పట్టుకుని వరసలో వంగి వంగి వడ్డిస్తుంటే, "అన్నా, దండాలు పెట్టుడు కంటే గిదే మంచిగున్నది" అని ఎవరో అన్నారు. తిన్నాక హెడ్మాస్టరు నాలుగే మాటలు చెప్పాడు. పాసైన వాళ్ళకూ తప్పిన వాళ్ళకూ రేపు కూడా బడి తెరిచే ఉంటుందని, సప్లిమెంటరీ క్లాసులు ఎల్లుండి మొదలని, ఎవరూ ఇంటికి ఒంటరిగా పోవద్దని. ఇళ్ళకు వచ్చిన సార్లు, మేడమ్‌లే పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసి, వాళ్ళ మార్కులు వాళ్ళకు మాత్రమే చెబుతారు. ఎవరికి చెప్పుకోవాలో పిల్లల ఇష్టం.

అప్పటికే మండలం నాయకుడొకాయన కారులో వచ్చాడు, శాలువాలూ ఫొటోగ్రాఫరూ అన్నీ వెంట తెచ్చుకుని. వరండా ముందు మాన్‌సింగ్‌తో పాటు ఊరి పెద్దలు నలుగురు నిలబడ్డారు. "సంజీవా, గిటు రా, నా పక్కకు రా" అని పిలిచి మా ఆయన భుజం మీద చేయి వేశాడు. అలాంటి ఫొటో కోసం మా ఆయన ఎన్నాళ్ళ నుంచి తిరుగుతున్నాడో నాకు తెలుసు. చేతులు జోడించి, గడ్డం ఎత్తి, నిలబడ్డాడు.

గది తలుపు తెరుచుకుంది. ధీరజ్ బయటికి వచ్చాడు. జమ్లీ మేడం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను వరండా స్తంభం పక్కన ఉన్నాను, వాడికి దగ్గర నేనే. రెండు చేతులూ చాచాను. వాడు నన్ను చూశాడు, చూసి కూడా నన్ను దాటుకుని, వరండా దిగి, నేరుగా ఆ ఫొటో ముందుకు పోయి నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్, "బాబూ, జర పక్కకు" అన్నాడు. వాడు జరగలేదు.

"బాపు."

మా ఆయన చేతులు విడిపోయాయి. నాయకుడి చేయి భుజం మీద ఉండగానే ముందుకు వచ్చేశాడు. "మ్యాథ్సా? తెలుసు గద బిడ్డా. మల్ల రాసుకుందాం."

"గది గాదు బాపు." అంగీ చేతులు కిందికి లాక్కున్నాడు. "మేడంకు చెప్పిన జూడు గప్పుడు. గట్లనే అనిపిస్తుంది. ఇప్పుడు. మల్ల."

ఇన్నాళ్ళూ ఇంట్లో నాకు ఒక్కదానికే చెప్పిన మాట, తండ్రికి ఒక్కసారైనా చెప్పని మాట, ఆ జనం మధ్యలో తండ్రికి చెప్పాడు. మా ఆయన ధైర్యం చెబుతాడేమో, ఏదైనా ఉపన్యాసం ఎత్తుకుంటాడేమో అని నేను గబగబా అటు నడిచాను. ఆయన నోరు తెరిచాడు, మూసుకున్నాడు. వాణ్ణి చేయి పట్టి వరండా మెట్ల దగ్గరికి తెచ్చాడు. తెల్లటి ఖద్దరు బట్టలతో ఆ దుమ్ములోనే కూర్చుని, పక్కన చోటు చూపించాడు.

"కూసో" అన్నాడు. "చెప్పు. నేనింటున్న."

వాడు కూర్చున్నాడు. చెప్పాడు. నేను రెండో పక్కన కూర్చున్నాను. వెనక నుంచి నాయకుడు రెండుసార్లు పిలిచాడు, మా ఆయన వెనక్కి తిరగకుండానే చేయి ఊపాడు. వాళ్ళు మాన్‌సింగ్‌ను పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగారు. మేడం వచ్చి నా వెనక మెట్టు మీద కూర్చుంది. మా ఆయన ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారి మీసాల్లోకి పోతుంటే తుడుచుకోలేదు. డాక్టర్ చెప్పినట్టు వింటూనే ఉన్నాడు.

"చెప్తాంటె జర తక్కువైతుంది బాపు" అన్నాడు ధీరజ్ చివరికి.

"అయితె ఇంకింత చెప్పు" అన్నాడు మా ఆయన.

ఆ ఏడు మండల ఫస్టు ఎవరికి వచ్చిందో నేను అడగనే లేదు. పరీక్ష తప్పిన కొడుకు పక్కన ఆ మెట్ల మీద కూర్చుని నేను పడ్డంత సంతోషం, ఆ ఫస్టు వచ్చిన బిడ్డ తల్లి కూడా పడి ఉండదు.